మావయ్య నీళ్ల లెక్క

ఏప్రిల్ 14

జీడిపళ్ల వాసనకు ఊరంతా మత్తుగా ఉంది. టెక్కలి కాలేజీలో ల్యాబ్ ముగించుకుని వచ్చేసరికి మావయ్య తవిటయ్య కంప్యూటర్ ముందున్నాడు. డయాలసిస్ మొదలయ్యాక డాక్టర్లు ఆయనకు రోజుకు ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్లే తాగమన్నారు. తన చిన్న స్టీలు గ్లాసుతో ఏడు. తాగినప్పుడల్లా బటన్ నొక్కితే తెర మీద ఒక గ్లాసు ఖాళీ అవుతుంది. ఆ ప్రోగ్రామ్ రాసింది విశాఖలో ఉండే జానకిరామ్ బావ.

మా కంప్యూటర్‌లో నడిచే లినక్స్‌లోకి అది ప్యాకేజీగా, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే మూటగా వస్తుంది. బావ పంపే ప్రతి వెర్షన్‌నీ మధ్యలో ముఖం తెలియని వాలంటీర్ ఒకాయన పరీక్షించి వదులుతాడు. నెలలు పడుతుంది. రాసినవాణ్ణి నేనుండగా మధ్యలో ఆయనెవరని బావ ఫోన్‌లో విసుక్కున్నాడు. నాకూ నిజమే అనిపించింది. అప్‌డేట్లు బావ దగ్గర్నుంచే నేరుగా వచ్చేలా మార్చేశాను.

ఏప్రిల్ 19

కొత్త వెర్షన్ వచ్చింది. తెర మీద నీళ్లు నీలంగా కదులుతున్నాయి. చూస్తూ ఉండిపోయాను.

ఏప్రిల్ 20

కలలో అక్కుపల్లి సముద్రం మా గడప దాకా వచ్చింది. మావయ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ముంచడం లేదు.

ఏప్రిల్ 21, సాయంత్రం 6

మావయ్య తోటలో కళ్లు తిరిగి పడిపోయాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. పలాస ఆసుపత్రిలో నర్సు, నీళ్లు మరీ ఇంత తగ్గించారేమని అడిగింది. ఆయన నావైపు చూశాడు.

"కంప్యూటరు రెండే సూపిత్తందమ్మా. నువ్వెట్టిందే కదా, తప్పు సెప్పదనుకున్నాను."

ఇంటికొచ్చి చూశాను. అప్‌డేట్‌లో గ్లాసు కొలత వంద మిల్లీలీటర్ల నుంచి రెండు వందల యాభైకి మారిపోయింది. మూడు రోజులుగా ఈ ఎండల్లో ఆయన ఆ చిన్న గ్లాసుతో రెండే తాగాడు. నేనేమో నీలం రంగు చూసి మురిసిపోయాను. చాలాసేపు ఏడ్చాను.

ఏప్రిల్ 23

మావయ్య ఇంటికొచ్చాడు. బావ క్షమించమన్నాడు. వాళ్లింట్లో గ్లాసులన్నీ అంతేనట. వాలంటీర్‌కి మెయిల్ పెట్టాను. కొలత మారడం చూసే ఆ వెర్షన్‌ని వదలకుండా ఆపానని, ఒక్కణ్ణే చేసి అలసిపోయానని, ఈ ప్యాకేజీ బాధ్యత నువ్వు తీసుకుంటావా అని ఆయన జవాబు. భయమేసింది. మావయ్యనడిగాను.

"నువ్వే సూడమ్మా. నా గ్లాసెంతో నీకు తెల్సుగా."

మే 3

ప్యాకేజీ చూసుకునే మెయింటైనర్ అన్నచోట ఇప్పుడు నా పేరు. బావ ఇంకో వెర్షన్ పంపాడు. వదిలేముందు ఒక రోజంతా నేనూ మావయ్య గ్లాసుతో అది చెప్పినన్ని నీళ్లే తాగాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం రెండు. దాహంగా ఉంది. తెర మీద ఒక్క గ్లాసే మిగిలింది.