సిస్టమ్ బాగానే ఉంది

జనవరి 24, 2005, సోమవారం

ఇవాళ ఒకడి నోట్లో స్క్రూడ్రైవర్ దింపాలనిపించింది. షాపులోకి వచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, మెకానిక్ లేడేటమ్మా అని అడిగాడు. నేనే మెకానిక్‌ని అన్నాను. నవ్వాడు. బయట బోర్డు మీద కనకం సిస్టమ్స్ అని నా పేరే పెద్దక్షరాల్లో ఉంది. అయినా అనకాపల్లిలో సగం మందికి ఈ షాపులో ఎక్కడో ఒక మగాడు దాక్కుని ఉన్నాడనే నమ్మకం.

నవ్వినవాడి పేరు రాజబాబు. సబ్బవరం రోడ్డులో నూకరాజు గారి కాటా మీద ఆపరేటర్. చెరుకు బళ్ళూ ట్రాక్టర్లూ ఫ్యాక్టరీకి వెళ్ళే ముందు అక్కడ తూకం వేయించుకుంటాయి. సీపీయూని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆన్ చేస్తే చాలు, తెర మీద బాణం దానంతటదే పరుగెడుతోందట. తెరవమననివి తెరుస్తుందట, ఉన్నవి మూసేస్తుందట. ఒక్కోరోజు మాత్రం బుద్ధిగా ఉంటుందట. లైను కదలక రైతులు అమ్మనాబూతులు తిడుతున్నారట.

నా మానిటర్, నా కీబోర్డు, నా మౌస్ తగిలించి ఆన్ చేశాను. బాణం పెట్టినచోట పెట్టినట్టే ఉంది. వైరస్ అయ్యుంటుందని ఫార్మాట్ చేసి పంపేశాను.

జనవరి 27, గురువారం

మళ్ళీ వచ్చాడు. అదే సీపీయూ, అదే ఒళ్ళో. నా దగ్గర మళ్ళీ బాగానే ఉంది. మౌస్ మార్చమన్నాను. మార్చేసేనండి అన్నాడు. ఓపాలి కాటా కాడికొచ్చి సూడండి మేడమ్, అక్కడైతేనే సేత్తంది అన్నాడు.

ఒళ్ళు మండింది. సిస్టమ్‌కి ఊళ్ళు తెలుస్తాయా, ఇక్కడొకలా అక్కడొకలా ఉండటానికి? అక్కడ నువ్వే ఏదో కెలుకుతున్నావని మొహం మీదే అనేశాను. ఈసారి అతను నవ్వలేదు. రైతులు కొట్టేత్తారండి అన్నాడు. షాపు మూసే టైమయింది వెళ్ళమన్నాను. అప్పటికి ఇంకా భోజనం కూడా చెయ్యలేదు నేను.

జనవరి 28, శుక్రవారం

కాటా నుంచి ఫోన్. రాజబాబే. పెట్టేశాను.

ఫిబ్రవరి 1, మంగళవారం

ఇవాళ నాకు రోజు బాగుంది. నూకరాజు గారే స్వయంగా సీపీయూ పట్టుకుని వచ్చారు. వెనకాల దేవరాపల్లి వైపు రైతులు కొందరు. వాళ్ళ పెద్ద అప్పలరాజు, దున్నపోతులా ఉంటాడు, మాట కూడా రంకెలాగే ఉంటుంది. చెరుకు కోసి తెచ్చాక లైనులో ఎండబెట్టేత్తన్నారు, ఎండిన గడకి బరువేటుంటాది అని అరిచాడు. నిన్న ఒకడి ట్రాక్టర్ బరువు ఇంకొకడి పేరు మీద ఎక్కిపోయిందట. ఆపరేటర్ కావాలనే బాణం తిప్పి మా తూకం మింగేత్తన్నాడు అన్నాడు.

నూకరాజు గారు ఒకటే అడిగారు, మిషన్లో దోషం ఉందా, మనిషిలో ఉందా, ఈళ్ళ ముందర సెప్పు అని.

అందరూ చూస్తుండగా ఆన్ చేశాను, ఆఫ్ చేశాను, మళ్ళీ ఆన్ చేశాను. ప్రతిసారీ చక్కగా లేచింది. అంతమంది మగాళ్ళు నా షాపులో నోరు మూసుకుని నా చేతులవైపే చూడటం ఇదే మొదటిసారి. అప్పుడు అన్నాను, సిస్టమ్ బాగానే ఉంది, మనిషే బాగాలేడు అని.

అందరూ పగలబడి నవ్వారు. అప్పలరాజు ఆ మాట రెండుసార్లు అనుకుని మరీ నవ్వాడు. కాటా కంప్యూటర్ సర్వీసు ఇక మీదట నీదేనమ్మా అన్నారు నూకరాజు గారు. సాయంత్రం పకోడీలు కొనుక్కుని తిన్నాను.

ఫిబ్రవరి 3, గురువారం

రాజబాబుని కొట్టారు.

కాటా దగ్గర తిరిగే ఆటో అతను వచ్చి చెప్పాడు. పొద్దున కరెంటు పోయి వచ్చిందట. సిస్టమ్ లేవగానే బాణం పిచ్చిపట్టినట్టు తిరిగి అప్పలరాజు బండి ఎంట్రీని చెరిపేసిందట. అప్పలరాజు కిటికీలోంచి చెయ్యి దూర్చి రాజబాబుని చొక్కా పట్టి బయటికి ఈడ్చాడు. ఈడ్చినవాడు ఒక్కడే. కొట్టింది లైనంతా. చెరుకు గడలతో కొట్టారు. గడ విరిగితే బండిలోంచి ఇంకోటి లాక్కున్నారు. గడలకి కరువేముంది అక్కడ. తర్వాత అతన్ని కాటా ఇనప ప్లేటు మీద పడేసి, ఈ సెయ్యే కదరా బాణం తిప్పుతున్నాది అని కుడిచెయ్యి పరిచి బండరాయితో వేళ్ళ మీద కొట్టారు. అతను ప్లేటు మీద పడి ఉంటే గదిలో బరువు చూపించే బాక్సు మీద అతని బరువు ఎర్ర అంకెల్లో వెలిగిందట. అది చదివి నవ్వుకున్నారట.

కొడుతున్నంతసేపూ ఒకటే కేక. సిస్టమ్ బాగానే ఉంది, మనిషే బాగాలేడు.

బలే మాటన్నారమ్మా అన్నాడు ఆటో అతను. 

ఫిబ్రవరి 4, శుక్రవారం

రాజబాబు భార్య చిన్నమ్మలు వచ్చింది. పేరు చెప్పి మరీ కొట్టింది. చెంప మీద పడిన దెబ్బకి పన్ను పెదవిలో దిగింది. నేనూ చెయ్యెత్తాను. నా జీవితంలో నన్ను కొట్టినవాళ్ళెవరినీ ఊరికే వదల్లేదు. కానీ ఆవిడ చీర మీద ఎండిన రక్తం మరకలున్నాయి. చెయ్యి దించేశాను.

నీ నోరు పడిపోను, నా మొగుడి సెయ్యి నువ్వే ఇరగ్గొట్టేవు అంది. నువ్వా కాటా ఒక్కపాలైనా సూసేవేటి అని అడిగింది. లేదన్నాను. ఆవిడే నా జబ్బ పట్టుకుని ఆటో ఎక్కించింది.

కాటా గదిలో ఎవరూ లేరు. లైను బయట మెయిన్‌రోడ్డు దాకా ఉంది. సిస్టమ్ ఆన్ చేశాను. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బాణం పరుగెత్తింది. తెరంతా గెంతింది, తనంతట తనే నొక్కింది, తెరిచింది, మూసింది. మౌస్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

వెనక్కి వంగి చూశాను. బరువు చూపించే బాక్సు నుంచి ఒక తీగ వచ్చి సీపీయూ వెనకాల దూరింది. ఆ తీగ ఏరోజూ నా షాపుకి రాలేదు. సీపీయూ ఒక్కటే తెస్తే చాలు, వైర్లు అక్కర్లేదు అని అందరికీ చెప్పేది నేనే.

అన్నీ పీకేశాను. ఒక్కొక్కటే పెట్టి ఆన్ చేసుకుంటూ వచ్చాను. కీబోర్డు పెడితే బాగుంది. మౌస్ పెడితే బాగుంది. ప్రింటర్ పెడితే బాగుంది. కాటా తీగ పెట్టి ఆన్ చేశాను, పిచ్చి మొదలైంది. తీగ పీకి ఆన్ చేసి, పూర్తిగా లేచాక తీగ పెట్టాను. బంగారంలా ఉంది.

ఆ బాక్సు ఊపిరి పీల్చకుండా బరువు అంకెలు పంపిస్తూనే ఉంటుంది. సిస్టమ్ లేస్తున్నప్పుడు ఆ తీగలో ఏదో కదులుతోందని చూసి, అక్కడింకో మౌస్ ఉందనుకుంటుంది. ఇక ప్రతి అంకెనీ మౌస్ కదలిక అనుకుని బాణాన్ని పరుగెత్తిస్తుంది. పోయిన సీజన్లో కరెంటు పోతే బాక్సూ ఆరిపోయేది, మళ్ళీ సిస్టమ్ లేచాక నిదానంగా లేచేది. ఈ సీజన్లో దానికి బ్యాటరీ పెట్టారు, కరెంటు పోయినా అంకెలు ఆగవు. బ్యాటరీ దిగిపోయిన రోజే బాణం బుద్ధిగా ఉండేది.

ఇంతే. ఇంతే సంగతి. టేబుల్ మీద అద్దాన్ని పిడికిలితో గుద్దాను. పగిలింది. చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఫిబ్రవరి 5, శనివారం

తీగ పీకేసి ఊరుకుందాం అన్నారు నూకరాజు గారు. ఇప్పుడు సెప్తే కొట్టినోళ్ళ మీదా వత్తాది, నీ మీదా వత్తాది, సీజనుంది తల్లీ, ఆడు దొంగే అనుకోనీ అన్నారు. ఆయన పాన్ నములుతున్నారు. ఆ పాన్ పెట్టె తీసి రోడ్డు మీదికి విసిరాను.

కాటా గది కిటికీ తలుపులు బార్లా తీసి లైనులో ఉన్నవాళ్ళని పిలిచాను. ముందు తీగతో, తర్వాత తీగ లేకుండా చూపించాను. రాజబాబు ఏ పాపమూ ఎరగడు, నేను రాకుండానే తీర్పు చెప్పాను, నేను చెప్పింది తప్పు అని అరిచి చెప్పాను.

 అప్పలరాజు, అయితే మేం ఏ తప్పూ సెయ్యనోడి సెయ్యి ఇరగ్గొట్టేం అంతావా, నువ్వే కదే సెప్పేవు అని మీదికొచ్చాడు. మొదటి గడ నా భుజం మీద పడింది. రెండోది ఎవరు వేశారో చూడలేదు. చేతిలో కీబోర్డు ఉంది, దాంతో అప్పలరాజు మొహం మీద నా బలమంతా పెట్టి కొట్టాను. మీటలు ఊడి ప్లేటు మీద చెల్లాచెదురుగా పడ్డాయి. అతని ముక్కులోంచి రక్తం కారింది. చిన్నమ్మలు మధ్యలోకి వచ్చి రెండు చేతులూ చాపి, ఇంకెవుల సెయ్యి గావాలి మీకు, ఇదిగో కొట్టండి అని అరిచింది.

ఎత్తిన గడలు ఎత్తినట్టే ఆగాయి. అప్పలరాజు తువ్వాలుతో ముక్కు నొక్కుకుని, మల్లీ సూపించు అన్నాడు. చూపించాను. నన్ను పక్కకి జరిపి తనే తీగ పీకాడు, తనే ఆన్ చేశాడు. తీగ పెట్టి మళ్ళీ ఆన్ చేశాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. చివరికి ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాడు. లైను దానంతటదే వెనక్కి జరిగింది.

ఫిబ్రవరి 6, ఆదివారం

భుజం లేవడం లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి నేనన్న మాట, జరిగింది అంతా చెప్పాను. మౌస్ మీద కేసు పెట్టాలేటమ్మా అని నవ్వాడు రైటర్.

ఫిబ్రవరి 11, శుక్రవారం

ఆసుపత్రిలో రాజబాబుని చూశాను. కట్టు మోచేతి దాకా ఉంది. కొన్ని వేళ్ళు ఇక వంగవన్నారట డాక్టర్లు. క్షమించమని అడగడానికే వెళ్ళాను. అతనే ముందు అడిగాడు, ఏటండి లోపం అని. తీగ అన్నాను. తీగేనా అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 14, సోమవారం

రాజబాబు మళ్ళీ కాటా పనిలోకి వచ్చాడు. ఎడమ చేత్తో తీగ పీకాడు, ఆన్ చేశాడు, తీగ పెట్టాడు. బాణం కదలకుండా నిలబడింది. మౌస్ ఎడమ పక్కకి జరిపి, బటన్లు తిరగేసి ఇచ్చాను. పట్టుకున్నాడు. అలవాటు లేని చెయ్యి వణికింది. బాణం తెరంతా పరుగెత్తింది.

కిటికీ అవతల మొదటి బండి అప్పలరాజుది. ఎవరూ తొందరపెట్టలేదు.