గురువారం నూనె వాసన

తోక్మోక్, సోమవారం

ప్రాణమైన జుమాగుల్ అక్కకు,

నాకు పిచ్చి పట్టిందనుకోకు. నాన్న పోయిన దగ్గర్నుంచి ప్రతి గురువారం పొద్దుగూకే వేళకి మా ఇంట్లో కాగిన నూనె వాసన వస్తోంది. పొయ్యి చల్లగా ఉంటుంది, మూకుడు బోర్లించే ఉంటుంది. మా ఐదేళ్ల నాజిక్ కూడా ముక్కు ఎగబీల్చి, "ఎవరమ్మా వండుతున్నారు?" అంటోంది.

చచ్చిపోయినవాళ్లకి వాసనే తిండని గురువారం గురువారం బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేయించేవాళ్లం కదా. నానమ్మ పేరున తీసిన మొదటి ముక్కని ఆకలికి ఆగలేక నేను తినేశానని, నాన్న నా కుడిచెయ్యి పట్టి ఆ నూనెలో పెట్టాడు. అప్పుడు నాకు ఏడేళ్లు.

యేసు ప్రభువు నన్ను మనిషిని చేశాడు, అది నిజం. కానీ నాన్నని క్షమించకుండా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోలేకపోతున్నాను. చాపగానే కాలిన ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది. అక్కడ నాన్న పేరున మీరెవరైనా వండుతున్నారా?

నీ చెల్లి,
బూరుల్

అట్-బాషీ, శుక్రవారం

బూరుల్ తల్లీ,

ఎవరు వండుతారే? "ఆయన మనల్ని పెట్టిన బాధలకి వాసన కూడా ఎక్కువే" అన్నాడు అన్నయ్య. మూకుడు అటకెక్కింది. నాన్న ఆకలికి నిన్ను వెతుక్కుంటూ వస్తున్నాడేమో. మీ దేవుడు ఒప్పుకోకపోయినా ఒక్కసారి వండి ఆయన్ని పంపించెయ్యి. నాకు భయంగా ఉందే.

అక్క

తోక్మోక్, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం అందాక, పోయిన వారం గురువారం వండాను. మొదటి ముక్క పళ్లెంలో పెట్టి అటు తిరిగానో లేదో, నాజిక్ తీసి కొరికేసింది. నా చెయ్యి లేచింది. లావుపాటి వేళ్లు, చూపుడు వేలి మీద కొడవలి గాటు. అది నాన్న చెయ్యి అక్కా, నా భుజానికి ఉంది. పిల్ల మణికట్టు పట్టుకుని మూకుడు వైపు లాగుతోంది. పిల్ల ఏడవలేదు, నా మొహంలోకే చూస్తోంది.

"ప్రభువా" అన్నాను. వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి, నా చేతి మీది కాలిన మచ్చ మళ్లీ కనిపించింది. నాన్నని కూడా చిన్నప్పుడు ఎవరో ఇలాగే పట్టుకుని ఉంటారనిపించింది. ఆయన కోసం మొదటిసారి ఏడ్చాను. క్షమించాను నాన్నా అని పైకే అన్నాను.

పొయ్యి ఆర్పి, "తినమ్మా, మొదటిది నీదే" అన్నాను. నాజిక్ సగం తుంచి నా మచ్చ చేతిలో పెట్టింది. "నీకూ ఆకలేస్తోందిగా" అంది.

ఆదివారం బల్ల దగ్గర ఆ చేత్తోనే రొట్టె తీసుకున్నాను. నిన్న గురువారం వాసన రాలేదు. పిల్ల మణికట్టు మీద మాత్రం నాలుగు లావుపాటి వేళ్ల గుర్తులు ఇంకా పోలేదు. రోజూ వాటిని ముద్దు పెట్టుకుని, నాన్న అడగని క్షమాపణ నేను అడుగుతున్నాను.

నీ బూరుల్