మీనా రాసిపెట్టిన సఫారీ

కమ్మింగ్, జార్జియా
ఏప్రిల్ 11, 2010

గౌరవనీయులైన అనంతలక్ష్మిగారికి,

అలేఖ్య నమస్కారాలు. ఫోన్లో మీకు సరిగ్గా వినపడదు. పిల్లలు గట్టిగా అరిచి నాలుగు మాటలు చెప్పి పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ సంగతి నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

మీ అల్లుడు రవిశంకర్‌గారిని నేను పెళ్ళి చేసుకుని పదహారు నెలలైంది. మీ అమ్మాయి పోయిన ఇంట్లోకి వచ్చినదాన్ని. అయినా మీరు నన్ను ఒక్క మాట అనలేదు. మీ ఊరు ఐసెలిన్ నుంచి చరితకీ అర్జున్‌కీ బట్టలు పంపినప్పుడల్లా నాకూ ఒక చీర పెడుతున్నారు. ఆ చీరలు కట్టుకుని అద్దంలో చూసుకోవాలంటే సిగ్గేస్తోంది. ఎందుకో చెప్తాను.

పోయిన జూన్‌లో గరాజ్ సర్దుతుంటే ఒక పచ్చ ఫైలు దొరికింది. పైన "మా సఫారీ, జులై 2006" అని రాసి ఉంది. చేతిరాత ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు. వంటింట్లో పప్పుల డబ్బాల మీద రోజూ చూస్తున్నదే. అక్కడే ఒక అట్టపెట్టె మీద కూర్చుని మొత్తం చదివాను.

వయోమింగ్‌లోని యెల్లోస్టోన్ పార్కుకి వారం రోజుల ప్రయాణం, వాళ్ళు వెళ్ళకుండానే ఆగిపోయింది. "ఆఫ్రికాకి అర్జున్ ఇంకా చిన్నవాడు, మలేరియా మాత్రలు మింగడు. అందాకా మన సింహాలు తోడేళ్ళే, మన ఏనుగులు బైసన్‌లే" అని మొదటి పేజీలోనే ఉంది. మీనాగారు ఎంత ముందుచూపుతో రాశారో చెప్తే మీరు ఆశ్చర్యపోరేమో, మీ పిల్లే కదా. నేనైతే ఆశ్చర్యపోయాను. జంతువులు తెల్లవారుతూండగానే తిరుగుతాయి కాబట్టి పిల్లల్ని ముందురోజు ఏడింటికే పడుకోబెట్టాలట. అదీ మర్నాటి బట్టలు తొడిగి. అప్పుడు పొద్దున నేరుగా కార్లోకి ఎత్తుకెళ్ళిపోవచ్చు. అర్జున్ మధ్యాహ్నం ఒంటిగంటకి నిద్రపోతాడు కాబట్టి దూరపు డ్రైవ్‌లన్నీ ఆ వేళకే. ఏ మలుపు దాటితే బాత్‌రూమ్ వస్తుందో మ్యాపులో ఎర్ర చుక్కలు. ఇద్దరికీ చెరో బైనాక్యులర్, "లేకపోతే తోడేలు వెళ్ళిపోయాక కూడా వీళ్ళ వంతులు తేలవు". బైసన్ అనే ఆ అడవిదున్నకి పాతిక గజాల దూరంలో ఉండాలి కదా, పాతిక గజాలంటే ఎంతో పిల్లలకి తెలియాలని గుమ్మం నుంచి మెయిల్‌బాక్స్ దాకా వాళ్ళతో అడుగులు వేయించారట. ఒక పేజీ అంచున "అమ్మకి ఎలుగుబంట్ల సంగతి చెప్పద్దు" అని ఉంది. అది చదివి పైకే నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరేం తయారుచేసినా అందులో తప్పులు వెతకడమే నా పని. ఆ ఫైలులో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. అదే నన్ను దెబ్బ కొట్టింది. ఇక్కడ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా "మీనా అయితేనా" అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేస్తారు. ఆ మాటలు అలవాటైపోయాయి. కానీ ఆ ఫైలులో ఉన్నది ఎవరో పొగిడిన మీనాగారు కాదు, అసలు మనిషి. ఇంత చురుకైన, ఇంత సరదా అయిన మనిషి తిరిగిన ఇంట్లో నేనేం చేస్తున్నాను అనిపించింది.

ఫైలు తీసుకెళ్ళి నా సూట్‌కేస్‌లో పెట్టి తాళం వేశాను.

అంతటితో అయిపోలేదు. రెండు వారాల తరవాత చరిత వచ్చి అడిగింది, "ఆంటీ, గరాజ్‌లో గ్రీన్ ఫైల్ చూశారా? మామ్, నేను కలిసి చేశాం అది" అని. నేను "లేదమ్మా" అన్నాను. పదకొండేళ్ళ పిల్ల మూడు రోజులు వెతికింది. పెట్టెలన్నీ ఒలకబోసింది. నేను ఆ పక్కనే వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేస్తూ ఉన్నాను. మూడో రోజు "ఇట్స్ ఓకే" అని పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అర్జున్ ఈ సమ్మర్‌లో తోడేళ్ళని చూడాల్సిందేనని పట్టుపట్టాడు. ఆయన నాతో "నువ్వే ప్లాన్ చెయ్యి" అన్నారు. నేనొక నిర్ణయానికి వచ్చాను. ఎక్కడో దొరికిందని చెప్పి ఫైలు ఆయన చేతికిస్తాను. వాళ్ళు ముగ్గురూ వెళ్ళి వస్తారు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, నేను రాలేనని చెప్తాను. ఆ ప్రయాణంలో నాకు చోటు లేదు, దాన్ని దాచిపెట్టినదానికి అసలే లేదు. మీకొక్కరికే నిజం చెప్తున్నాను. మీరు ఏమన్నా పడతాను.

మీ చీరలకి తగని
అలేఖ్య


కమ్మింగ్
మే 16, 2010

అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. నాలుగే వాక్యాలు. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "ఎక్కడో దొరికిందని చెప్పకు, అది రెండో అబద్ధం అవుతుంది. పిల్లకి నీ చేత్తో ఇచ్చి జరిగింది చెప్పు. కోప్పడుతుంది, పడు. ఎలుగుబంట్ల సంగతి చరిత నాకు అప్పుడే చెప్పేసింది." ఇన్నేళ్ళు మీరు బడిలో పిల్లల్ని ఎలా నడిపించారో నాకు అర్థమైంది.

ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే చరిత గదికి వెళ్ళి ఫైలు ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని మెల్లగా పేజీలు తిప్పింది. మధ్యలో ఊదారంగు క్రేయాన్‌తో వేసిన తోడేలు బొమ్మ వచ్చింది. ఎనిమిదేళ్ళప్పుడు తను వేసిందే. అక్కడ ఆగింది.

"యూ సెడ్ నో," అంది.

"అవును. అబద్ధం చెప్పాను. దాచింది నేనే."

"వై?"

"మీ అమ్మంటే భయమేసి."

"షీ ఈజ్ డెడ్, ఆంటీ."

నేను లేచి బయటికి వచ్చాను. తలుపు వేసుకుంది. తరవాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పెట్టింది తినేది, కంచం తనే కడిగేది. ఆయనకి కూడా అంతా చెప్పాను. ఆయన డైనింగ్ టేబుల్ మీద ఫైలు ఉంటే ఆ పక్కకి కూడా రాకుండా తిరిగి వెళ్ళేవారు. మీనాగారు పోయి మూడేళ్ళు దాటింది. ఈ మూడేళ్ళలో ఆవిడ పేరు ఆయన పిల్లల ముందు పలకలేదని నాకు అప్పుడే తెలిసింది.

నా పని నేను చేసుకుంటూ పోయాను. పార్కులో క్యాబిన్‌లు ఏడాది ముందే నిండిపోతాయి. మీనాగారు అంతకుముందు ఏడాది జులైలోనే బుక్ చేశారు, నేను ఏప్రిల్‌లో లేచాను. ఎవరైనా క్యాన్సిల్ చేసుకున్నారేమోనని రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు ఫోన్ చేసేదాన్ని. అవతల అమ్మాయికి నా గొంతు గుర్తు. "గుడ్ మార్నింగ్, జార్జియా" అనేది. చివరికి ఒకరోజు "మీ పంట పండింది" అన్నంత సంతోషంగా ఒక క్యాబిన్ ఇచ్చింది.

పన్నెండో రోజు చరిత ఫైలు పట్టుకుని కిందికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "డే త్రీ తప్పు," అంది. పొద్దున వేడినీటి బుగ్గలు, సాయంత్రం తోడేళ్ళ లోయ అని మీనాగారు రాశారు. "మామ్ బైసన్ జామ్స్ మర్చిపోయింది. బైసన్‌లు రోడ్ మీద నించుంటే కార్లన్నీ వన్ అవర్ ఆగాలి. తోడేళ్ళకి ఇంకో రోజు కావాలి." నాకు దొరకని తప్పు ఈ పిల్లకి దొరికింది. అచ్చం వాళ్ళమ్మ బుర్ర. ఇద్దరం మధ్యాహ్నం దాకా కూర్చుని వారం మొత్తం మళ్ళీ రాశాం. తను చెప్పేది, నేను కంప్యూటర్‌లో ఎక్కించేదాన్ని.

లేవబోతూ అడిగింది, "క్యాబిన్ ఎంతమందికి?"

"ముగ్గురికి. నాకు ఆఫీసులో..."

"ఇది కూడా లై ఆ?"

తల దించుకున్నాను. "మామ్ ప్లాన్‌లో ఇద్దరు డ్రైవర్లు. డాడీకి హైట్స్ అంటే భయం. లంచ్ తింటే నిద్రొస్తుంది. ఐ డోంట్ వాంట్ టు డై ఇన్ వయోమింగ్," అంది.

అది రమ్మని పిలవడమో, డ్రైవర్ ఉద్యోగమో నాకు తెలీదు. ఏదైనా ఒప్పుకున్నాను. కానీ అమ్మగారూ, ఒకటి మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను. తోడేళ్ళని చూసే పొద్దు వాళ్ళు ముగ్గురిది. ఆ పూట నేను కార్లోనే ఉంటాను.

మీ మాట విన్న
అలేఖ్య


కమ్మింగ్
ఆగస్టు 1, 2010

అమ్మా,

నిన్ననే వచ్చాం. బట్టలు ఇంకా మెషీన్‌లోనే ఉన్నాయి, అవి తీయకుండా మీకు రాస్తున్నాను.

చరిత చెప్పింది నిజమే, ఆయన కొండ దారిలో ఎందుకూ పనికిరారు. రెండో రోజు డన్‌రావెన్ కనుమ ఎక్కుతున్నాం. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. స్టీరింగ్ నా చేతిలో ఉంది. ఆయన పక్క సీట్లో కళ్ళు గట్టిగా మూసుకుని, "ఏదైనా మాట్లాడండర్రా" అన్నారు. ఎవరూ మాట్లాడకపోయేసరికి తనే మొదలుపెట్టారు. మీనా డ్రైవింగ్ టెస్ట్‌లో రెండుసార్లు ఫెయిలై, మూడోసారి పరీక్ష పెట్టేవాడికే పార్కింగ్ నేర్పించి వచ్చిందట. చరిత పుట్టినప్పుడు హాస్పిటల్‌లో నర్సులందరికీ ఆవకాయ పెట్టిందట. భయానికి ఒకదాని తరవాత ఒకటి చెప్పుకుంటూ పోయారు. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. అర్జున్‌కి తల్లి సరిగ్గా గుర్తు కూడా లేదు కదా. కనుమ దాటి కిందికి దిగాక కూడా వాడు "డాడీ, కళ్ళు తెరవకు, ఇంకోటి చెప్పు" అన్నాడు.

ఇప్పుడు చెప్పేది చదివి కంగారుపడకండి, అందరం క్షేమం. నాలుగో రోజు ఒక గడ్డి మైదానం పక్కన బల్ల మీద పులిహోర పెట్టుకున్నాం. దూరంగా ఒక బైసన్ పడుకుని ఉంది. కొండరాయి అనుకునేంత పెద్దది. మేం పాతిక గజాల కంటే చాలా దూరంలోనే ఉన్నాం. ఒక్కసారిగా గాలి లేచి అర్జున్ టోపీ ఎగిరిపోయింది. వాడు దాని వెనకే పరిగెత్తాడు. మేం లేచేలోపు సగం దూరం వెళ్ళిపోయాడు. బైసన్ లేచి నించుంది. తోక పైకి ఎత్తింది, అంటే మీదికి రాబోతున్నట్టు.

నేను "అర్జున్!" అని కేక పెట్టాను. ఆయన కొయ్యబారిపోయారు. నా కేకకి వాడు ఇంకా ముందుకే వెళ్ళాడు. అప్పుడు చరిత ఏం చేసిందో తెలుసా? గడ్డిలో చతికిలబడి కూర్చుంది. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో మాట్లాడినట్టే మామూలు గొంతుతో, "అర్జున్, నీ పులిహోర నేను తినేస్తున్నా," అంది.

వాడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. "నో! అది నాది!"

"అయితే మెల్లగా నడిచి రా. పరిగెత్తితే ఇవ్వను."

వాడు మూతి ముడుచుకుని, ఒక్కో అడుగు లెక్కపెడుతున్నట్టు నడిచి వచ్చాడు. బైసన్ అక్కడే నించుని చూసింది. కాసేపటికి తోక దించి, టోపీ పక్కనుంచి మంద వైపు వెళ్ళిపోయింది. టోపీని అక్కడే వదిలేశాం.

పన్నెండేళ్ళ పిల్ల, అమ్మా! ఆ నిబ్బరం మా పెద్దవాళ్ళిద్దరిలో ఎవరికీ లేదు. క్యాబిన్‌కి వచ్చాక మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. జరగలేదు. "వాడు చిన్నప్పుడు పార్కింగ్ లాట్‌లో కార్లకి అడ్డంగా పరిగెత్తాడు. మామ్ అరవలేదు. కింద కూర్చుని నీ ఐస్‌క్రీమ్ తినేస్తున్నా అంది. నాకు సడన్‌గా అది గుర్తొచ్చింది," అంది. తరవాత నా భుజం మీద తల పెట్టి బాగా ఏడ్చింది. "మామ్ గొంతు మర్చిపోతున్నానని అనుకున్నా. కానీ గుర్తుంది," అంది. దానికి ఆ మాట వినేవాళ్ళు కావాలి, అంతే.

మర్నాడు తోడేళ్ళ లోయ. వెలుగు అప్పుడే వస్తోంది, బాగా చలి. రోడ్డు వారగా పదిమంది టెలిస్కోప్‌లు పెట్టుకుని నించున్నారు. వాళ్ళు ముగ్గురూ దిగారు. నేను హీటర్ వేసుకుని కార్లోనే ఉన్నాను. అద్దంలోంచి అర్జున్ గెంతడం కనిపించింది. ఆయన వాడి భుజాల మీద చేతులు వేసి ఆపుతున్నారు. నాకు చాలనిపించింది.

కాసేపటికి ఎవరో అద్దం మీద తట్టారు. చరిత. ముక్కు ఎర్రగా అయిపోయింది.

"ఆంటీ, ఏం చేస్తున్నారు లోపల? రండి, వెళ్ళిపోతాయి!"

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అక్కడ తెల్లజుట్టు పెద్దావిడ తన టెలిస్కోప్‌ని పిల్లలకి వదిలేసింది. నన్ను చూసి, "మీ అమ్మా?" అని చరితని అడిగింది. ఆంటీ అంటుందనుకున్నాను, డాడీ వైఫ్ అంటుందనుకున్నాను.

చరిత తడుముకోలేదు. "మా మామ్ ఈ ట్రిప్ ప్లాన్ చేసింది. ఈవిడ మమ్మల్ని తీసుకొచ్చింది," అంది ఇంగ్లీషులో. అని, నా తల టెలిస్కోప్ మీదికి వంచింది.

నాలుగు తోడేళ్ళు, అమ్మా. రెండు పెద్దవి, రెండు పిల్లలు. ఒక పిల్ల ఇంకోదాని చెవి పట్టుకుని లాగుతోంది. పెద్దది ఒకటి పట్టించుకోకుండా ఆవులించింది. చూస్తున్నంతసేపూ నా వీపు మీద చరిత చెయ్యి అలాగే ఉంది.

ఫోటోలు కడిగించి పంపుతాను. మీరు నాకు పెద్ద ఉత్తరం రాయాలి, ఈసారి నాలుగు వాక్యాలు కుదరదు. మీనా చిన్నప్పుడు ఎలా ఉండేది, దేనికి భయపడేది, మిమ్మల్ని ఎన్నిసార్లు ఏమార్చింది, అన్నీ రాయండి. పిల్లల కోసం అడుగుతున్నానని రాద్దామనుకున్నాను. మీతో మళ్ళీ అబద్ధం ఎందుకు? నా కోసమే అడుగుతున్నాను. ఒక్కసారి కూడా చూడని మనిషి మీద బెంగ పెట్టుకున్నాను.

మీ అమ్మాయి
అలేఖ్య