పగడాల తొట్టి ఎవరిది?

తమ్ముడూ,

మీ బావ ఉప్పునీటి చేపలు పెంచేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యారని నువ్వు పంపిన అభినందనలు అందాయి. ఉప్పు కొలిచి నీళ్ళలో కలిపేది, తొట్టి అద్దాలకు పట్టిన నాచు గీకేది ఎవరో నీకు తెలుసు. మొన్న సభ్యులు మా తొట్టిలో చేపలతో పాటు పెరుగుతున్న పగడపు జీవులను చూడటానికి వచ్చారు. "పగడాలకు ఇంత రంగెలా తెప్పించారు సార్?" అని ఒకాయన అడిగారు. నేను నోరు తెరిచేలోపే మీ బావ, "ఓపిక ఉండాలండీ" అని, నావైపు తిరిగి, "నువ్వెళ్ళి టీ పెట్టు" అన్నారు. పెట్టాను.

ఆదివారం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. పగడాల పెంపకం మీద ఆయన ఉపన్యాసమట. శనివారం ఆయన ఆఫీసుకు వెళ్ళాక నువ్వు వ్యాను, డ్రమ్ములు తీసుకుని రా. చేపలనూ పగడాలనూ మీ ఇంటికి చేర్చేద్దాం. నేనే వచ్చి చూసుకుంటాను. ఖాళీ తొట్టిని మాత్రం శుభ్రంగా తుడిచి, ఆయన ఉపన్యాసానికి సిద్ధంగా ఉంచుతాను.

అక్క