పప్పు ఉడికే నీళ్లు

14 సెప్టెంబరు 1964, సోమవారం

పోలమ్మక్కకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. శనివారం సైన్సు పోటీలో పెట్టబోయే నా పటం ఈ రోజు ఆమె వల్లనే ఒక దారికి వచ్చింది.

జాలర్లుండే మైపాడు పట్టపుపాళెంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్న ఇళ్లకు ఎర్ర చుక్కలు పెట్టి, ప్రతి ఇంటినీ దగ్గర్లోని చెలమకు గీతతో కలిపాను. ఇసుకలో తవ్వుకున్న ఆ నీటిగుంటల్లో ఏదో ఒకటి చెడిపోయి ఉంటుందని నా అనుమానం. కానీ చుక్కలు అన్ని చెలమల చుట్టూ చెదిరిపోయి కనిపించాయి. వారం రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను.

ఈ రోజు పాళెంలో తన ఇంటి ముందు ఎండుచేపలు ఏరుతూ పోలమ్మక్క నా పటం చూసి నవ్వింది. "దగ్గరుండాదని ఆ నీళ్లు తెచ్చుకుంటామా అబ్బయా? ఉప్పు నీళ్లు, పప్పు ఉడికి చావదు. మేం శానామందిమి తాటితోపు కాడి చెలమకే పోతాం." ఎవరు ఎక్కడికి పోతారో ఇల్లిల్లూ చెప్పింది. అక్కడే కూర్చుని గీతలు మళ్లీ గీస్తే, ఎర్ర చుక్కలన్నీ తాటితోపు చెలమకే చేరాయి. సంతోషం పట్టలేకపోయాను. "ఎండన పడి వచ్చినావు, తాగు" అంటూ ఆమె చెంబు అందిస్తే గటగటా తాగేశాను.

ఇంటికొచ్చి రంగులు వేస్తుంటే అప్పుడు తట్టింది, ఆ చెంబులోవి ఏ నీళ్లో. నా సంగతి సరే, ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశానే!

తెల్లారకముందే ఆమె బిందె తీసుకుని బయల్దేరుతుంది. అంతకంటే ముందు నేను ఆ చెలమ దగ్గర ఉండాలి. నా పటంలో పోలమ్మక్క ఇంటికి ఇంకా ఎర్ర చుక్క లేదు.