అరవై మూడో నంబరు తలుపు

నంద్యాల,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

మన వీధికి సిమెంటు రోడ్డు వేసిన ఏడు, ఎదురు రేకుల షెడ్డులో అద్దెకుండే అప్పలనర్సమ్మ వాళ్ళు ఎక్కడికి వెళ్ళిపోయారు? చిన్నప్పటినుంచి ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. నువ్వు నాకంటే ఆరేళ్ళు పెద్దదానివి, నీకైనా గుర్తుండాలి. సిమెంటు గట్టిపడాలని రోడ్డు మీద నీళ్ళు కట్టినన్నాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత లేరు. ఆ రోడ్డు మీద మనం తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాం గానీ వాళ్ళేరీ అని ఒక్కరం అడగలేదు.

ఉత్తరం ఇలా మొదలుపెట్టినందుకు ఏమనుకోకు. నీకూ బావగారికీ ఇక్కడినుంచే నా దణ్ణాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు బీపీ మాత్రలు మానేశారని అమ్మ ఫోనులో చెప్పింది, మళ్ళీ మొదలుపెట్టించు. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. ఇప్పుడు రాయబోయేది ఫోనులోనూ చెప్పొచ్చు గానీ, సగం చెప్పేలోగా నువ్వు తీర్పు ఇచ్చేస్తావు. అందుకే కాగితం.

నంద్యాల వచ్చి ఇది మూడో నెల. ఇక్కడి ఎండ మన విజయనగరం ఎండలాంటిది కాదు. చెమట పట్టదు, చర్మం బిగుసుకుపోతుంది. బియ్యం మిల్లుల వైపునుంచి గాలి వీస్తే ఆరేసిన చీరల మీద ఊక దుమ్ము. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తింటున్నాను. బొరుగులు తడిపి తాలింపు పెడతారు. మొదట్లో ముఖం తిప్పుకున్నాను, ఇప్పుడు సెలవురోజున కూడా వెతుక్కుంటూ వెళ్తున్నాను. ఇంటి ఓనరమ్మ మంచిది. నిజంగానే బాగున్నాను. కానీ గదిలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుతాను, కాసేపటికి మళ్ళీ గోడ దగ్గరికి. టీకి నీళ్ళు పెట్టి, అవి మరిగేలోగా వీధి చివరిదాకా వెళ్ళి వస్తాను. మొన్న గిన్నె మాడ్చేశాను.

కారణం చెప్తాను. నాలుగేళ్ళ కిందట సర్వే పనిమీద రెండు నెలలు ఈ ఊరొచ్చాను, గుర్తుందా? ఒక పేదల పేటలో పనులు మొదలవకముందు ఇంటింటికీ వెళ్ళి, నీళ్ళెక్కడినుంచి తెచ్చుకుంటారు, మురుగు ఎటు పోతుంది, జ్వరమొస్తే ఎవరికి చూపించుకుంటారు అని రాసుకున్నాం. ఎంచుకున్న ఇళ్ళ తలుపుల మీద పెయింటుతో నంబర్లు వేశాం. ఇప్పుడక్కడ కాలవలు కట్టారు, రోడ్డు వేశారు, కుళాయిలు పెట్టారు, వీధి దీపాలు వెలుగుతున్నాయి. మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళి అవే ప్రశ్నలు అడిగి, అప్పటికీ ఇప్పటికీ తేడా చూసి, పేట బాగుపడిందో లేదో చెప్పాలి. పాత కుటుంబం లేకపోతే ఆ చోట ఎవరుంటే వాళ్ళనే అడగాలని మాకు నియమం.

అరవై మూడో ఇంటికి వెళ్తే నంబరు లేదు. నంబరున్న తలుపే లేదు. రేకుల షెడ్డు పోయి స్లాబు ఇల్లు, దానికి టేకు తలుపు. ఆ ఇంటావిడ అన్నిటికీ నవ్వుతూ బాగుందనే చెప్పింది. వాళ్ళొచ్చి ఏడాదట. ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. పక్కింటి రాములమ్మ అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ అంతా వింటోంది.

"ఇక్కడి పాతవాళ్ళు ఎక్కడికెళ్ళారమ్మా?" అని ఆమెని అడిగాను.

"ఖాసింబీ వాళ్ళా? ఆళ్ళగడ్డకు పోయినారు. రోడ్డు పడినాక ఓనరు బాడుగ పెంచె. ఆర్నెల్లకు మళ్ళ పెంచె. యాడ కట్టగలరు? పోతా పోతా ఆ యమ్మ రేకు తలుపు గూడ పీక్కోని పోయింది. ఓనరు చూస్తా నిలబడినాడు. తలుపు ఆమె పెట్టించుకున్నదే గదా, ఏమంటాడు?"

"తలుపెందుకు?"

"నన్నడిగితే ఎట్ల? మీరేసిన నంబరు ఉండాదంట గదా దాని మీద!"

నియమం ప్రకారం అక్కడికి నా పని అయిపోయింది. అయినా మనసు ఊరుకోలేదు. శుక్రవారం సెలవు పెట్టి ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల వెనక సందు అని రాములమ్మ చెప్పింది. వెతకాల్సిన పని పడలేదు. నీలం రేకు తలుపు, దాని మీద నా చేత్తో వేసిన 63. ఎండావానా తగలకుండా పైన గోనెపట్టా కట్టుకున్నారు. ఖాసింబీ బొంత కుడుతున్నదల్లా నన్ను చూసి లేచింది.

"వచ్చినావా మేడమ్! చూడు, చెరపలేదు. చెరపొద్దంటివి గద."

అన్నాను అక్కా. మళ్ళీ వస్తాం, నంబరు చెరపకండి అని ప్రతి ఇంట్లోనూ అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె దాన్ని ప్రభుత్వం ఇచ్చే ఇంటి స్థలం నంబరు అనుకుని ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చింది.

"ఇది స్థలానిది కాదమ్మా. మళ్ళీ వచ్చి ప్రశ్నలు అడగడానికి మేం వేసుకున్న గుర్తు" అన్నాను.

నమాజుకి వెళ్ళబోతూ కాళ్ళు కడుక్కుంటున్న ఆమె భర్త మస్తాన్ పకపకా నవ్వాడు. "నేను అప్పుడే చెప్తిని. తలుపు ఎత్తుకోని బస్సు కాడికి పోతే కండక్టరు ఏమనె? తలుపు తెచ్చినావు, ఇల్లు యాడ మర్చిపోయినావప్పా అనె!"

"నువ్వు ఊరుకో" అని అతణ్ణి కసిరి, ఖాసింబీ నాకేసి తిరిగింది. "పోనీ మేడమ్, నంబరు పోతే పాయె. స్థలానికి నంద్యాల అడ్రసు మీదనే అర్జీ పెట్టుకోనుండాము. ఇంకా విచారణకు రాలేదు. మేము ఈడికొచ్చినామని రాయాకు. రాస్తే ఆడ పేరు కొట్టేస్తారు. ఆడనే ఉండామని రాయి."

"బాడుగ కట్టలేక వచ్చేశామని రాస్తేనే కదమ్మా మీలాంటి వాళ్ళ సంగతి పైవాళ్ళకి తెలిసేది?"

"తెలిస్తే ఏం జేస్తారు? మమ్మల్ని మళ్ళ ఆడికి తీస్కపోతారా?" అంది. "టీ తాగు, చల్లారిపోతాంది."

తాగాను. ఆమె మళ్ళీ బొంత ముందు కూర్చుంది.

అక్కా, కాలవలు కట్టడం మంచి పనే. ఈ వానలకి ఇంట్లోకి నీళ్ళు రాలేదని రాములమ్మే చెప్పింది. కానీ ఖాసింబీ మాట లేకపోతే, మా నివేదికలో ఆ ఇల్లు రేకుల షెడ్డునుంచి స్లాబుకి ఎదిగినట్టే కనిపిస్తుంది. ఆ పేటనుంచి అలా ఖాళీ చేసి వెళ్ళిన కుటుంబాలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఎవరి పేరూ చెప్పకుండా మా పైఅధికారికి ఇదంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "మంచి విషయం పట్టుకున్నారు. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లూ, ఇప్పుడున్న ఊళ్ళూ జాబితా ఇవ్వండి, సరిచూద్దాం" అన్నారు. మీ పేరు బయటికి పోదని ప్రతి గుమ్మంలోనూ చదివి వినిపించింది నేనే కదా. పేర్లు లేకుండా రాయొచ్చుగా అంటావు. అదీ అడిగాను. సరిచూసుకోలేని మాట నివేదికలోకి ఎక్కదన్నారు. ఆ జాబితా తర్వాత ఎవరి బల్ల మీదికి పోతుందో ఆయనకీ తెలియదు. ఏమీ కాకపోవచ్చు. అర్జీల వాళ్ళు దాన్ని చూడనే చూడకపోవచ్చు. కానీ చూడరని నేనెలా హామీ ఇవ్వగలను? ఒకసారి ఆలోచించకుండా ఒక మాట అన్నందుకే ఆమె తలుపు మోసుకెళ్ళింది.

సరే. నా బీరువాలో పై అరలో కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది, ఫొటో తీసి పంపు. అద్దాలు మార్చుకోవాలి. ఇక్కడి సోనా బియ్యం ఒక బస్తా పార్సిల్ వేస్తాను, అమ్మకి మెత్తగా వండి పెట్టు. పెద్దమ్మకీ మామయ్యకీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. వేళకి తింటున్నాను, నిజం. నువ్వూ బావగారూ నన్ను చల్లగా ఉండమని దీవించండి.

బుధవారం కాగితాలన్నీ పంపేయాలి. అరవై మూడోది రెండు రకాలుగా నింపి పెట్టుకున్నాను. ఒకదాంట్లో టేకు తలుపావిడ చెప్పింది, ఒకదాంట్లో ఖాసింబీ వాళ్ళు బాడుగ కట్టలేక ఆళ్ళగడ్డ వెళ్ళిపోయిన సంగతి. రెండూ నిజమే. ఏది పంపాలో నాకు తేలడం లేదు.

నీ చెల్లెలు,
సుజాత