బండలతోపాటు పాలిష్ పట్టిన డిస్కులు

తాడిపత్రి

చిన్నప్పన్నకు,

అన్నా, మా పాత వ్యాను ఆగుతోంది! బ్రేకు తొక్కితే చాలు, తొక్కినచోటే!

పోయినసారి ఆగకపోవడంలో తప్పంతా మీ బావదే. ముందు చక్రాల బ్రేకు డిస్కులు గీతలు పడితే, కొత్తవెందుకని మా బండల ఫ్యాక్టరీలో బండలతోపాటు పాలిష్ పట్టించారు. "చూడుమే, నీ మొగం కనపడతాండాది!" అని ఒకటే మురిసిపోయారు. ఆ డిస్కులతోనే పోయిన నెల గోరంట్లకు, మీ ఇంటికి వచ్చాం. తర్వాత జరిగింది నీకు తెలిసిందే.

మెకానిక్ ఓబిలేష్ చక్రం విప్పి నెత్తి కొట్టుకున్నాడు. "ఏమన్నా, ఇది నాపబండ అనుకుంటివా? అప్పడం మాదిరి పల్చన చేస్తివే! ప్యాడ్లు ఒకటే మారిస్తే లాభం లేదు, డిస్కులు గూడా కొత్తవి ఎయ్యాల్సిందే."

రెండూ వేయించాం. నిన్న నేనే నడిపాను. గొర్రెల మంద అడ్డమొస్తే బ్రేకు తొక్కాను. ఒక్క గొర్రె కూడా బెదరలేదు!

అమ్మను మా బండి ఎక్కనివ్వనని ఒట్టు పెట్టుకున్నావుగా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. శుక్రవారం వచ్చి అమ్మను కదిరి తేరుకు తీసుకుపోతాం.

పోయినసారి మేము గుద్దిన చెనక్కట్టె వామిని, అదే మీ పశువుల మేత కుప్పను, ధైర్యంగా మళ్ళీ వాకిట్లోనే వేసుకో. ఈసారి బండిని ఆపేది అది కాదు.

నీ చెల్లెలు